తడి ఆరేదాకా కదలబాక

మొన్న మా మనవరాలు స్నేహ హైదరాబాదు నుంచి నరసరావుపేట వచ్చినప్పుడు బట్టల సంచిలో ఒక కరెంటు పట్టకారు కూడా తెచ్చింది. దాని అసలు పేరు స్ట్రెయిట్‌నర్ అట. గోడ ప్లగ్గులో పెట్టి, అది కాలాక, జుట్టుని పాయలు పాయలుగా దాని మధ్య ఇరికించి కిందికి లాగుతుంది. లాగినంత మేర ఉంగరాలు పోయి జుట్టు నిటారుగా వేలాడుతుంది. వంటింట్లో ఉన్న నాకు కమురు వాసన తగిలి, పప్పు అడుగంటిందేమోనని గిన్నె దించాను. పప్పు బాగానే ఉంది. వాసన ముందుగదిలోంచి వస్తోంది. వెళ్లి చూస్తే అద్దం ముందు పిల్ల, దాని భుజాల మీద తెగిపడిన వెంట్రుక ముక్కలు. చివర్లు పట్టుకుని చూశాను, చీపురు పుల్లల్లా గరగరలాడుతున్నాయి. "వచ్చేవారం మా ఫ్రెండ్ పెళ్లి నాయనమ్మా. అప్పటికి ఇంకెంత ఊడిపోతుందో! మీ రోజుల్లో ఇవన్నీ లేవుగా, ఇంట్లోనే, జుట్టు పాడవకుండా సాఫు చేసుకునే పద్ధతి ఏదైనా ఉండేదా?" అని అడిగింది.

ఉండేది అన్నాను. అనేసి వంటింట్లోకి వచ్చేశాను. స్టవ్ ఆర్పేశానో లేదో చూసుకున్నాను, ఆర్పే ఉంది. పెరట్లోకి వెళ్లి ఆరని బట్టలు తిరగేశాను. మళ్లీ ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. "ఏంటి నాయనమ్మా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అని అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆ చేతకానితనం వల్లే మా అమ్మమ్మ చేతికి చెడ్డపేరు తెచ్చాను. ఆ పద్ధతి చెప్పాలంటే ఆ సంగతీ చెప్పాలి, అదీ నా బెంగ.

అప్పట్లో నాన్న సాగర్ డ్యాం పనుల్లో గుమాస్తా. అమ్మ ఆయన దగ్గరే కొండ కింద రేకుల క్వార్టర్లో ఉండేది. హైస్కూలు చదువు కోసం నన్ను గురజాలలో అమ్మమ్మ ఇంట్లో ఉంచారు. అమ్మమ్మ పేరు మార్తమ్మ. ఎముకలు తప్ప ఒంట్లో ఏమీ లేనట్టుండేది, చేతివేళ్లు మాత్రం బారుగా, ఎప్పుడూ ఆముదం మెరుపుతో ఉండేవి. పొద్దున్నే లేచి ప్రార్థన, తర్వాత పొయ్యి, తర్వాత కోళ్లు, ఆ తర్వాత ఎవరో ఒకరి తల. మా వీధిలో ఏ ఆడపిల్లకి జుట్టు చిక్కుపడినా, పేలు పట్టినా, రాలుతున్నా అరుగు మీదకి తెచ్చి అమ్మమ్మ ముందు కూర్చోబెట్టేవాళ్లు. పురిటి స్నానాలైన బాలింతలూ, బడికెళ్లే పిల్లలూ, పెళ్లి కుదిరిన వాళ్లూ. మాల గూడెం అని, సాయిబుల ఇళ్లని తేడా లేదు. "మార్తమ్మ చెయ్యి చలవ చెయ్యి" అనేవాళ్లు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఆ మాట వింటే చాలు, మొహం పక్కకి తిప్పుకుని చెంగుతో ముక్కు తుడుచుకునేది. ఆమెకున్న ఆస్తి ఆ మాటే అని నాకు అప్పుడు తెలియదు.

నా జుట్టు ఉంగరాలు. ఉంగరాలంటే ఏదో ముచ్చటగా నుదుటి మీద వేలాడేవి కావు. దువ్వెన పెడితే దువ్వెనే విరిగేది. వర్షాకాలంలో రెండింతలయ్యేది. స్కూల్లో రెండు జడలు మడిచి రిబ్బను కట్టాలి. నా జడలు చెవుల పక్కన కొమ్ముల్లా నిలబడేవి. స్కూల్లో ఆఖరి తరగతి, ఆరో ఫారం పిల్లలకి గ్రూపు ఫోటో తీయించాలని హెడ్మాస్టరు అనుకున్నప్పుడు, డ్రిల్లు టీచరమ్మ మమ్మల్ని వరసల్లో నిలబెట్టి చూసి, "ఏమే సుగుణా, నువ్వు ఎనక వరసలోకి పో. ముందుంటే నీ తుమ్మకంప అడ్డం వచ్చి ఎనకోళ్ల మొహాలు పడవు" అంది. నలభై మంది నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పుస్తకాల సంచి గోడకేసి కొట్టాను. ఫోటో సోమవారం. ముందు వరసలో, చాప మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చోవాలని ఎంత కోరుకున్నానో ఇప్పుడు చెబితే నాకే సిగ్గుగా ఉంది.

అమ్మమ్మ శనివారం నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. ఆ పని ఎలా చేసేదో స్నేహకి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. ముందురోజే తలకి గోరువెచ్చని ఆముదం. పొద్దున్నే కుంకుడు రసంలో పల్చటి గంజి కలిపి తలంటు. అవతల పొయ్యి మీద గుప్పెడు అవిసె గింజలు నీళ్లలో ఉడుకుతూ ఉండేవి. ఉడికి, గరిటెకి తీగలా సాగే జిగురు వచ్చాక పల్చటి గుడ్డలో వడకట్టేది. అందులో నలిపిన మందారాకుల పసరు. తడి జుట్టుని వేలెడు వేలెడు పాయలు తీసి ఈ జిగురు రాసి, వెడల్పు పళ్ల చెక్క దువ్వెనతో దువ్వేది. ముందు చివర్లు, తర్వాత నడిమి, ఆఖర్న కుదుళ్లు. పైనుంచి కిందికి ఒక్కలాగున దువ్వితే వెంట్రుక తెగుతుందని ఆమె పట్టుదల. మొత్తం సాఫయ్యాక జుట్టంతటినీ తల చుట్టూ పాగాలా గట్టిగా తిప్పి, పాత నూలు చీర ముక్కతో బిగించి కట్టేది. ఎండలో కూర్చోకూడదు, నీడలోనే ఆరాలి. పన్నెండు గంటలకి విప్పి, రెండో వైపుకి తిప్పి మళ్లీ కట్టేది. మూడింటికి చర్చి గంట కొట్టేదాకా తల అటూ ఇటూ తిప్పకుండా కూర్చోవాలి. "తడి ఆరేదాకా కదలబాక" అనేది. అంతే ఆమె మంత్రం. విప్పాక జుట్టు పట్టు పోగుల్లా జారేది. పాడయ్యేదీ కాదు, నిలిచేదీ కాదు. చెమట పడితే రెండోరోజుకి ఉంగరాలు ఒక్కోటి లేచి కూర్చునేవి.

"సోమారం దాకా ఉంటదా అమ్మమ్మా?" అని అడిగాను.

"ఉంటే ఉంటది, లేపోతే లేదు. దేవుడిచ్చిన జుట్టుని కాసేపు బతిమాలుకోటమేగానీ, మెడలు వంచగలమా? గమ్మున కూకో."

నాకు ఆ మాట ఒళ్లు మండించింది. నాకు కాసేపు బతిమాలుకోవడం వద్దు, ఎప్పటికీ లొంగిపోవాలి. అరుగు మీద ఈగలు. కాళ్లు తిమ్మిర్లు. తలపాగా కింద దురద. పక్కింట్లో రజియా అక్క బట్టలు కుట్టుకుంటూ కిటికీలోంచి నన్ను చూసి నవ్వుతోంది. ఆమెకి మాచర్ల సంబంధం కుదిరింది, నెలలో పెళ్లి. ఆమెదీ నా లాంటి జుట్టే. పెళ్లినాడు పూలజడ సాఫుగా రావాలని, ఆమె తల్లి బీబమ్మ పిన్ని అప్పటికే అమ్మమ్మతో మాట అనుకుంది. "మార్తమ్మత్తా, మా పిల్ల తల నీ చేతిలో పెట్టేస్తన్నా" అని ఆవిడ అంటే, అమ్మమ్మ ఆరోజంతా ఆ మాటే చెప్పుకుంది. కొత్త అవిసె గింజలు తెప్పించి డబ్బాలో పోసి దాచింది కూడా.

రజియా అక్క వాళ్ల నాన్న మస్తాను బాబాయి ఇళ్లకి వెల్ల వేసే మేస్త్రీ. పిడుగురాళ్ల నుంచి బండి మీద కాల్చిన రాయి తెప్పించి, పెరటి గుంటలో నీళ్లు పోసి సున్నం చేసేవాడు. నీళ్లు పడగానే అది బుసబుసా పొంగి ఆవిర్లు కక్కేది. పిల్లలం దూరంగా నిలబడి చూసేవాళ్లం. సాయంత్రం పని నుంచి రాగానే ఆయన వేళ్లు సున్నం తిని పగిలి ఉండేవి, బీబమ్మ పిన్ని పుల్లటి మజ్జిగ పోస్తుంటే చేతులు కడుక్కునేవాడు. వెల్ల కుంచె ఆయనే కట్టుకునేవాడు, పాత మోకులు విప్పి ఆ నారతో. పురి విప్పిన నార మెలికలు మెలికలుగా అచ్చం నా జుట్టులాగే ఉండేది. కట్టిన కొత్త కుంచెని నాలుగురోజులు సున్నపు నీళ్లలో వేసి ఉంచేవాడు. బయటికి తీశాక ఒక్క మెలిక ఉండేది కాదు. నిటారుగా, మెత్తగా, తెల్లగా వేలాడేది. తర్వాత ఎన్ని గోడలు రాసినా ఆ నార మళ్లీ మెలిక తిరిగేది కాదు. ఇది నేను చాలా రోజులుగా చూస్తున్నాను. ఆ శనివారం, అరుగు మీద తల బిగించుకుని కూర్చున్నప్పుడు, నా తెలివికి నేనే మురిసిపోయాను.

పన్నెండింటికి రెండోవైపు తిప్పి కట్టి అమ్మమ్మ చర్చి ఊడవడానికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ గడపలో ఆగి "కదలబాకే" అంది. ఆమె వీధి మలుపు తిరిగేలోపే నేను గోడ దూకాను. బాబాయి పనికి పోయాడు. బీబమ్మ పిన్నీ రజియా అక్కా లోపల అన్నాల దగ్గరున్నారు. గుంట మీద తాటాకు తప్పించి, పాగా విప్పి, ముందు పైన తేరిన నీళ్లు దోసిళ్లతో పోసుకున్నాను. చల్లగానే ఉన్నాయి. ఇంతేనా అనిపించింది. ఇంత తేలికైన దానికి నాలుగు రోజులు ఎక్కడ ఆగేది? అడుగున ఉన్న వెన్నలాంటి ముద్ద గోకి జుట్టుకి దిట్టంగా పట్టించాను. ఎప్పటిలా పాగా చుట్టి, గుడ్డ బిగించి, గోడ దూకి వచ్చి అరుగు మీద బుద్ధిమంతురాల్లా కూర్చున్నాను. నా జీవితంలో కదలకుండా కూర్చున్నది ఆ రెండు గంటలే. మంట మొదలైంది. మెడ వెనక, చెవుల వెనక. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఓర్చుకున్నాను. మంట ఎంత ఎక్కువైతే అంత బాగా సాఫవుతోందనుకున్నాను.

మూడు గంటలు కొట్టారు. అమ్మమ్మ వచ్చి, చేతులు కడుక్కుని, నా వెనక పీట వేసుకుని కూర్చుని గుడ్డ విప్పింది. దువ్వెన పెట్టి ఇలా తీసిందో లేదో, పాయ మొత్తం దువ్వెనతో వచ్చేసింది. తడిసిన కాగితంలా, చప్పుడు లేకుండా. నా ఒళ్లో పడిన దాన్ని చూసి నేను కేక పెట్టాను. అమ్మమ్మ నా చెవి వెనక వేలితో రుద్ది ఆ వేలిని వాసన చూసుకుంది. మరుక్షణం లోపలికి పరిగెత్తి, రాత్రి కూడులోకని దాచిన పులిసిన మజ్జిగ కుండ తెచ్చి నా నెత్తిన గుమ్మరించింది. తర్వాత బిందె తర్వాత బిందె నీళ్లు. తుడిచి, కొబ్బరినూనె రాస్తుండగా నా ఏడుపు విని బీబమ్మ పిన్ని వచ్చింది. వెనకే రజియా అక్క. అరుగు మీద కుప్పగా పడి ఉన్న నా జుట్టుని చూసి పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"యా అల్లా! ఏం పెట్టావత్తా పిల్ల తలకి?"

అమ్మమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. నా నోట్లోంచి ఏం వస్తుందోనని చూసింది. నాకు సున్నపు గుంట గుర్తొచ్చింది, తాటాకు మళ్లీ కప్పానో లేదో గుర్తు రాలేదు. నాన్నకి తెలిస్తే ఏమవుతుందో గుర్తొచ్చింది.

"అమ్మమ్మ జిగురే. మండతందని చెప్పినా ఇనలేదు" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధం ఆడటం ఒక ఎత్తు, మండుతోందని చెప్పానని జోడించడం ఇంకో ఎత్తు. పిన్ని నోరు తెరిచి అమ్మమ్మని చూసింది. అమ్మమ్మ నూనె గిన్నె పక్కన పెట్టి, "ముసలిదాన్నయిపోయాను బీబమ్మా. ఏదో కలిసిపోయి ఉంటది" అంది. రజియా అక్క అప్పుడు తెలియకుండానే తన జడని ముందుకి లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది. అమ్మమ్మ అది చూసింది. నేనూ చూశాను.

సోమవారం ఫోటోలో నేను లేను. అది పెద్ద సంగతి కాదు. నెల తిరక్కుండా రజియా అక్క పెళ్లయింది. జడ వెయ్యడానికి దాచేపల్లి నుంచి ఎవరో మేనత్తని పిలిపించారు. పెళ్లికి ముందు పిన్ని మొహమాటపడుతూ వచ్చి, "ఏం అనుకోబాకత్తా, మా ఆడబిడ్డ పట్టుబట్టింది" అంది. "అనుకోటానికేముందే, పిల్ల జాగర్త ముఖ్యం" అని అమ్మమ్మ పెళ్లికూతురికని దాచిన అవిసె గింజల డబ్బా ఆమె చేతికే ఇచ్చి పంపింది. ఆ తర్వాత అరుగు మీద తలలు తగ్గాయి. ఒకరిద్దరు పేలు చూపించుకోడానికి వచ్చేవాళ్లు, అంతే. పొద్దున పొయ్యి పని, కోళ్ల పని అయ్యాక అమ్మమ్మకి చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేది. ఆ చేతులని చూడలేక నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పరిగెత్తేదాన్ని.

నా తల మాత్రం వదల్లేదు. ఊడినంత ఊడగా మిగిలిన దాన్ని కత్తిరించి, మొలుస్తున్న దానికి ప్రతి శనివారం ఆముదం రాసేది. కొత్త జుట్టూ ఉంగరాలుగానే వచ్చింది. దువ్వడం అయిపోయాక, నన్ను లేవనిచ్చే ముందు, రెండు భుజాల మీద చేతులు వేసి "ఇంకేందే?" అని అడిగేది. "ఏం లేదు" అని లేచి పోయేదాన్ని. స్కూల్ ఫైనలైపోయి నేను టీచరు ట్రైనింగుకి వెళ్లేదాకా, ఒక్క శనివారం తప్పకుండా ఆ ప్రశ్న, ఆ జవాబు. అది ఆమెకి ఊతపదం అనుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే ఆమె పోయింది. కన్నుమూసే ముందు నేను దగ్గర లేను, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వేరే ఊళ్లో ఉన్నాను.

ఇదంతా నేను స్నేహకి చెబుతూనే దాని తల పని చేశాను. అవిసె గింజలు సూపర్ మార్కెట్లో దొరికాయి, మందారాకులు ఎదురింటి వాళ్ల కుండీలోవి. చెక్క దువ్వెన లేదు, ప్లాస్టిక్‌దే వెడల్పు పళ్లది. పిల్ల నాకన్నా నయం, ఫోను చేతికిస్తే నాలుగు గంటలు కదల్లేదు. నేనే ఇంట్లో పన్నెండుసార్లు తిరిగాను. ఇప్పుడు అందరికీ అన్నీ క్షణాల్లో కావాలని మేం ముసలాళ్లం సణుగుతుంటాం గానీ, నాకు సణిగే హక్కు లేదు. కరెంటు లేని రోజుల్లోనే, నాలుగురోజుల పని రెండు గంటల్లో కావాలని తల తగలబెట్టుకున్నదాన్ని. ఈ పిల్ల కనీసం తన జుట్టు మీదికే తెచ్చుకుంది, ఎవరి చేతినీ చెడగొట్టలేదు.

పాగా విప్పుతుంటే స్నేహ ఫోను పక్కన పెట్టి అంది, "నాయనమ్మా, ఒకటి అడగనా? ఆవిడ ముందు నీళ్లు పొయ్యకుండా మజ్జిగ ఎందుకు పోసింది?"

"మంటకి చల్లగా ఉంటుందని."

"చల్లదనానికైతే నీళ్లు చాలుగా. పుల్లటిది సున్నానికి విరుగుడు. ఆ మేస్త్రీ కూడా దాంతోనే చేతులు కడుక్కునేవాడని నువ్వే చెప్పావ్. అవిసె జిగురుకి మజ్జిగ ఎవరు పోస్తారు? ఆవిడకి అప్పుడే తెలుసు."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. నేను అబద్ధం ఆడకముందే ఆమెకి తెలుసు. పిన్ని అడిగినప్పుడు నా వైపు చూసింది తెలుసుకోడానికి కాదు, నాతో చెప్పించడానికి. ప్రతి శనివారం భుజాల మీద చేతులు వేసి అడిగింది కూడా అందుకే. వీధి మొత్తంలో తన పేరు పోతున్నా, ఒక్క మాటతో తుడిచేసుకోగలిగీ, నేనే చెబుతానని ఎదురుచూసింది. అరవై ఏళ్లుగా ఆ మజ్జిగ కుండ నా కళ్లముందే ఉంది, నేను దానివైపు చూడలేదు. ఏడుపొచ్చింది. స్నేహ ముందు ఏడ్చాను.

దాని జుట్టు బాగా వచ్చింది. అద్దంలో చూసుకుని, ఫోటో తీసుకుని, స్నానానికి వెళ్లింది. నేను ఫోను తీసుకుని రజియా అక్కకి చేశాను. మాచర్లలోనే ఉంటుంది, ఎనభై దాటాయి. రంజానుకి నేను, క్రిస్మసుకి ఆమె, ఎప్పుడూ తప్పం. ఇప్పుడు ఏ పండుగా కాకుండా చేసేసరికి గొంతులో కంగారు. మోకాళ్ల నొప్పులు, కంటి ఆపరేషను, మనవడి షాపు, అన్నీ అయ్యాయి. నేను ఫోను పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే ఉన్నాను.

"ఇంకేందే సుగుణా?" అంది.

నడక ఆపి కూర్చున్నాను. "అక్కా, నా జుట్టు ఊడింది అమ్మమ్మ జిగురుకి కాదు. మీ పెరట్లో సున్నం నేనే పెట్టుకున్నా. మీ అమ్మతో అబద్ధం చెప్పా."

"మా యమ్మ పోయిందాకా అంటానే ఉందే," అంది. "'మార్తమ్మత్త మనసు నొచ్చుకుందేమో, కానీ ఆ చేతిలో పిల్లని ఎట్టా పెడతానే' అని. ఇప్పుడు నువ్వు చెప్తన్నావు. నేనెవురికి చెప్పాలే ఇది?"